కృతజ్ఞత డైరీ మొక్కుబడిగా మారితే ఏం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండు నెలలుగా రోజూ పడుకోబోయే ముందు కృతజ్ఞత కలిగించిన మూడు విషయాలు రాస్తున్నారు. మొదటి వారం బాగానే ఉంది. ఇప్పుడు "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అని అవే మూడు మాటలు తిప్పి తిప్పి రాస్తున్నారు, ఏమీ అనిపించడం లేదు. పైగా "ఇన్ని ఉండి కూడా సంతోషంగా లేనేమిటి" అన్న అపరాధభావం ఒకటి తోడైంది. పొద్దున పది నిమిషాలు శ్వాస మీద ధ్యానం చేస్తున్నారు కానీ దానికీ దీనికీ పొంతన కుదరడం లేదు.

రాత్రి మీ చేతికి పెన్ను దొరుకుతోంది, రాయడానికి సరుకు దొరకడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. పగలంతా దేని దగ్గరా ఆగకుండా పరుగెత్తి, పడుకునే ముందు "ఈరోజు మంచివేమిటి" అని అడిగితే అలసిపోయిన మనసు ఎప్పుడూ సిద్ధంగా ఉండే పెద్ద పేర్లనే అందిస్తుంది. ఆరోగ్యం అన్నది ఒక శీర్షిక. శీర్షిక చదివి ఎవరికీ కళ్లు చెమర్చవు. మూడంతస్తుల మెట్లెక్కి పైకి వచ్చాక మోకాలు నొప్పి పెట్టలేదని గమనించడం వేరు. అది జరిగిన సంగతి, దానికి ఒక చోటుంది, ఒక సమయముంది, ఒంట్లో ఒక జాడ ఉంది. కాబట్టి డైరీ బాగుపడాలంటే ముందు పగలు బాగుపడాలి. మీ ధ్యానం అక్కరకొచ్చేది కూడా సరిగ్గా అక్కడే.

ఈ పద్ధతికి మూలమైన పరిశోధనలు చూస్తే మీ డైరీ ఎందుకు చప్పబడిందో అర్థమవుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో 2003లో ప్రచురించిన అధ్యయనాల్లో మొదటిదానిలో రాత వారానికి ఒక్కసారే, 10 వారాల పాటు, ఎక్కువలో ఎక్కువ ఐదు విషయాలు. కొందరు కృతజ్ఞత కలిగించినవి రాశారు, కొందరు చిరాకు పెట్టినవి, మరికొందరు మామూలు సంగతులు. మొదటివాళ్లు తమ జీవితం గురించి మిగతావాళ్లకన్నా మెరుగ్గా చెప్పారు. 2005లో మార్టిన్ సెలిగ్‌మన్ బృందం పరీక్షించిన "మూడు మంచి విషయాలు" మాత్రం రోజూ రాసేదే, కానీ ఒక్క వారం పాటే. అందులో ప్రతి విషయం పక్కనా అది ఎందుకు జరిగిందో కూడా రాయించారు. ఈ రెండో సగాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు, నా లెక్కలో అసలు పని చేసే భాగం అదే. అదే ఏడాది సోన్యా ల్యూబోమిర్‌స్కీ, ఆమె సహచరులు ఇంకో ప్రయోగాన్ని వివరించారు: ఆరు వారాల పాటు వారానికి ఒక్కసారి రాసినవాళ్లకు మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని రోజూ రాయడమే తప్పని తీర్పు చెప్పలేం. అయితే మనసు దేనికైనా అలవాటు పడుతుంది, కృతజ్ఞత రాతకూ పడుతుంది. మీ రెండు నెలలు అందుకు ఉదాహరణ.

ఇంకో మాట ముందే చెప్పుకోవడం మంచిది. కృతజ్ఞతా సాధనలు కుంగుబాటు, ఆందోళన లక్షణాల మీద చూపే ప్రభావం చిన్నదేనని 2021లో వచ్చిన ఒక మెటా విశ్లేషణ (అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి చూసేది) తేల్చింది. జీవితాన్ని మార్చేస్తుందని అమ్మేవాళ్ల మాటలు పక్కన పెట్టి, చూపును కొంచెం పదును పెట్టే సాధనగా తీసుకుంటే నిరాశ ఉండదు.

ఇక చేయాల్సింది. రోజులో మూడు మజిలీలు పెట్టుకోండి, ఒక్కొక్కటి 20 సెకన్లు. ఎలాగూ జరిగే పనికి వీటిని కట్టేయాలి: పొద్దున మొదటి గ్లాసు నీళ్లు, పని మొదలుపెట్టడానికి కుర్చీలో కూర్చోవడం, సాయంత్రం ఇంటి తలుపు తెరవడం. ఫోన్‌లో అలారం పెట్టుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. నాలుగో రోజుకల్లా అలారం మోగేది ఏదో పని మధ్యలో, వేలు దాన్ని ఆపేది చూడకుండానే. చేయి గ్లాసును తాకడం అలా కాదు, ఆ క్షణంలో మీరు అక్కడే ఉంటారు.

మజిలీలో జరిగేవి నాలుగు. ఊపిరి ఒకసారి పూర్తిగా వదిలి ఆగడం. ఇంద్రియాలకు తగులుతున్నది ఒక్కటి పట్టుకోవడం. అది నా దాకా ఎలా వచ్చిందని ఒకే ఒక్క అడుగు వెనక్కి వెళ్లి చూడటం. తర్వాత రెండు శ్వాసల పాటు అక్కడే ఉండటం. "ధన్యవాదాలు" అని మనసులో అనుకోవడం తప్పనిసరి కాదు, అనాలనిపిస్తే అనండి.

నీళ్ల గ్లాసు దగ్గర ఇది ఎలా ఉంటుందో చూద్దాం. గ్లాసు పట్టుకోగానే చల్లదనం ముందు వేళ్ల కొసలకు తెలుస్తుంది, అరచేతికి కాస్త ఆలస్యంగా. ఎత్తేటప్పుడు మణికట్టు మీద బరువు పడుతుంది. మొదటి గుక్క నాలుక మీది పొడితనాన్ని తీసేస్తుంది. రెండో గుక్క గొంతు దిగుతున్నప్పుడు చల్లదనం ఛాతీ మధ్య దాకా తెలిసి, ఆ తర్వాత ఆనవాలు లేకుండా పోతుంది. ఇప్పుడు ఒక అడుగు వెనక్కి: నిన్న రాత్రి ఎవరో ఈ సీసా నింపి పెట్టారు. అక్కడితో ఆగిపోండి. పైపులు, పంపుహౌస్, నది, వాన, మేఘం అంటూ పోతే ఒంట్లో తెలుస్తున్నది జారిపోయి తలలో వ్యాసం మొదలవుతుంది. వెనక్కి ఒక్క అడుగే అన్న నియమం అందుకే.

చెడేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది అత్యుత్సాహం: మొదటి రోజే పది మజిలీలు పెట్టుకుంటారు, వారం తిరిగేసరికి ఒక్కటీ మిగలదు. రెండోది, ఇంకో చేతిలో ఫోన్ పెట్టుకుని చేయడం, దీని గురించి చెప్పడానికేమీ లేదు. మూడోది కొంచెం సూక్ష్మం. "ఏమైనా అనిపిస్తోందా?" అని లోపల వెతకడం మొదలుపెడితే దృష్టి గ్లాసు మీంచి తన మీదకు మళ్లుతుంది, అనిపించేది కూడా ఆగిపోతుంది. మజిలీ పని గమనించడం వరకే. భావం వస్తే వస్తుంది. పది సార్లలో రెండు మూడు సార్లు ఛాతీలో చిన్న సడలింపో, ముఖం మీద తెలియకుండా ఒక మెత్తదనమో కనిపిస్తే అది మామూలే, అంతకన్నా ఆశించకండి.

21 రోజుల్లో అలవాటు కుదురుతుందన్న మాటనూ నమ్మకండి. ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో చేసిన అధ్యయనంలో ఒక కొత్త పని తనంతట తాను జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు కూడా. తప్పిపోయిన మజిలీని తర్వాత రెండుసార్లు చేసి భర్తీ చేయాలని చూడకండి.

మీ పొద్దుటి పది నిమిషాలకు వద్దాం. మొదటి ఆరు నిమిషాలు ఇప్పుడు చేస్తున్నట్టే శ్వాస మీద ఉండండి. ఆ తర్వాత మూడు నిమిషాలు నిన్నటి రోజు నుంచి ఒక్క దృశ్యం తీసుకోండి, ఒక్కటే. అది ఎక్కడ జరిగింది, వెలుతురు ఎలా ఉంది, ఎదుటి మనిషి గొంతు ఎలా ఉంది, వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయి. కథ చెప్పుకోకుండా ఆ వివరాల మధ్యే తిరగండి. మనసు "ఆ తర్వాత ఏమైందంటే" అని లాగినప్పుడు, శ్వాస తప్పినప్పుడు ఎలా వెనక్కి తెస్తారో అలాగే ఆ దృశ్యానికి తీసుకురండి. చివరి నిమిషం మళ్లీ శ్వాస. దృశ్యాన్ని ముందే పెట్టేస్తే ఏమవుతుందంటే, ఇంకా కుదురుకోని మనసు దాన్ని పట్టుకుని రోజు ప్రణాళిక వేయడం మొదలుపెడుతుంది: ఆయన సాయం చేశాడు, ఆయనకు ఫోన్ చేయాలి, అవును ఆ బిల్లు కూడా కట్టాలి. ఆరు నిమిషాల శ్వాస తర్వాత ఆ లాగుడు తగ్గుతుంది.

రాత విషయంలో నా సలహా: రోజూ రాయడం మానేసి వారానికి రెండు రోజులు పెట్టుకోండి, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం ఉండేలా. ఒకసారికి ఒకటి నుంచి మూడు విషయాలు, మొత్తం ఏడు నిమిషాలు మించకుండా. మూడు రాయాలన్న పట్టింపు వద్దు, లోతుగా ఒకటి చాలు. ప్రతి విషయానికీ మూడు వాక్యాలు: ఏం జరిగింది, అది ఎందుకు నా దాకా వచ్చింది, అప్పుడు ఒంట్లో ఏం తెలిసింది.

తేడా ఎంత ఉంటుందో చూడండి. మీ తరహా రాత: "మంచి సహోద్యోగులు ఉన్నందుకు కృతజ్ఞతలు." అదే సంగతి ఇంకోలా: "మీటింగ్‌లో నా ఫైల్ తెరుచుకోకపోతే, పక్క సీట్లో ఆవిడ ఏమీ అనకుండా తన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. అంతకు ముందు రోజు నేను పంపిన కాపీని డిలీట్ చేయకుండా ఉంచుకుంది కాబట్టి అది కుదిరింది. బిగదీసుకున్న భుజాలు ఆ క్షణంలో దిగడం తెలిసింది." మొదటి వాక్యం ఏ రోజైనా ఎవరైనా రాయగలరు. రెండోది ఆ రోజు మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. ఇదే మీ పరీక్ష. నిన్నటి తేదీ కిందో వేరే మనిషి డైరీలోనో సరిగ్గా సరిపోయే వాక్యం కనిపిస్తే దాన్ని కొట్టేసి ఇంకాస్త దగ్గరికి వెళ్లి రాయండి.

"ఎందుకు" అన్న వాక్యం దగ్గర చాలామంది తడబడతారు. "అదృష్టం" అనో "దేవుడి దయ" అనో రాసి ముగిస్తారు. నమ్మకం ఉంటే అదీ రాయండి, కానీ దానికి తోడు కంటికి కనిపించే కారణం ఒకటి ఉండాలి: ఎవరు సమయం వెచ్చించారు, ఎవరు గుర్తుపెట్టుకున్నారు, ఎవరు తమ పని కాస్త వెనక్కి జరుపుకున్నారు. కొన్నిసార్లు ఆ కారణం మీరే అయి ఉంటారు, మొహమాటపడకుండా అదీ రాయండి.

పడుకునే ముందు రాయడం తప్పేమీ కాదు. కృతజ్ఞతాభావం ఎక్కువగా ఉన్నవాళ్లకు నిద్రకు ముందు వచ్చే ఆలోచనల్లో చింత తక్కువ, హాయి ఎక్కువ అని, వాళ్ల నిద్ర మెరుగ్గా ఉండటానికి అది ఒక కారణమని 2009లో అలెక్స్ వుడ్ బృందం చూపించింది. అయితే కళ్లు మూతలు పడుతుంటే రాసే రాత ఎప్పుడూ శీర్షికల్లోకే జారుతుంది. పడకకు అరగంట ముందు, కుర్చీలో కూర్చుని రాయండి. కాగితమా యాపా అన్నదాంట్లో నాకు పట్టింపు లేదు, ఒక్కటి తప్ప: వరుసగా ఎన్ని రోజులు రాశారో లెక్క చూపించే యాప్ వద్దు. ఆ అంకె తెగిపోకూడదని రాసే రాతే మొక్కుబడికి మొదటి మెట్టు.

ఏమీ తోచని రోజు పేజీ నింపకండి. దానికి బదులు తీసివేత చేయండి. మింక్యుంగ్ కూ, సారా ఆల్గో, తిమొతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ 2008లో దీన్ని పరీక్షించారు: ఒక మంచి సంగతి తమ జీవితంలో అసలు జరగకుండా పోయేదేమో అని ఊహించి రాసినవాళ్లు, అది ఎలా జరిగిందో మామూలుగా రాసినవాళ్లకన్నా మెరుగైన మనఃస్థితిలో ఉన్నారు. చేసే తీరు ఇదీ. ఒక స్నేహాన్ని తీసుకోండి. మీరిద్దరూ మొదట కలిసిన రోజుకు వెళ్లండి. ఆ కలయిక జరగకుండా పోవడానికి ఎన్ని దారులున్నాయో నాలుగైదు రాయండి: ఆ రోజు సెలవు పెట్టి ఉంటే, ఇంకో సెక్షన్‌లో సీటు వచ్చి ఉంటే, ముందుగా ఎవరూ పలకరించి ఉండకపోతే. ఆ తర్వాత ఈ వారంలో వాళ్లు లేకపోతే ఖాళీ అయ్యే ఒక్క గంటను రాసి ఆపేయండి. ఐదు నిమిషాలు చాలు, నెలకు రెండుసార్లు మించొద్దు. వాళ్లు చనిపోయినట్టో, ఉన్నది పోయినట్టో ఊహించడం ఇది కాదు. అలా ఊహిస్తే మిగిలేది భయం, ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లకు అది రాత్రంతా వెంటాడుతుంది.

అపరాధభావం గురించి కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా బరువుగా కనిపించింది అదే. దానికి సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి పోలిక: "కనీసం నాకు ఉద్యోగమైనా ఉంది, లేనివాళ్లు ఎందరో." ఇలాంటి వాక్యం చూడటానికి కృతజ్ఞతలా ఉంటుంది కానీ మనసును మందలించే వాక్యం. దాని కింద ఉన్న అలసటను, విసుగును నోరు మూసుకోమంటుంది. ఇతరుల లేమిని కొలతగా వాడిన ప్రతి వాక్యాన్నీ డైరీలోంచి తీసేయండి. రెండో దారి రుణభావం: అందుకున్నదాన్ని తీర్చాలి, తీర్చలేకపోతున్నాను అన్న బరువు. కృతజ్ఞత మనిషిని ఎదుటివాళ్లకు దగ్గర చేస్తే రుణభావం తప్పించుకు తిరిగేలా చేస్తుంది. ఫలానా వ్యక్తి గురించి రాశాక వాళ్లకు ఫోన్ చేయాలనిపిస్తోందా, వాళ్ల ఎదుట పడకూడదనిపిస్తోందా అని చూసుకుంటే ఏది ఏదో తేలిపోతుంది.

ఈ సందర్భంలో నైకాన్ పేరు మీరు ఎక్కడో విని ఉండవచ్చు. జపాన్‌లో ఇషిన్ యోషిమోటో అనే ఆయన రూపొందించిన ఆత్మపరిశీలన పద్ధతి అది. ఒక వ్యక్తిని తలచుకుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఈయన నుంచి నేను ఏం అందుకున్నాను, తిరిగి ఏం ఇచ్చాను, ఆయనకు ఏ ఇబ్బంది కలిగించాను. ఆయన నాకు ఏ ఇబ్బంది కలిగించాడన్న నాలుగో ప్రశ్న కావాలనే లేదు. అన్నీ తనకు రావాల్సినవే అనుకునే మనిషికి ఇది గట్టి మందు. ఇప్పటికే తనను తాను నిందించుకుంటున్నవాళ్లు మూడో ప్రశ్న జోలికి పోకూడదు. మీరు మొదటి రెండిటితో ఆగండి. రెండో జవాబులో చిన్న చిన్నవి కూడా లెక్కలోకి తీసుకోండి: విన్నాను, ఎదురుచూశాను, గుర్తుచేశాను.

కోపమో దుఃఖమో ఉన్న రోజు కృతజ్ఞతతో దాన్ని తుడిచేయాలని చూడొద్దు. ముందు ఆ కోపాన్ని రెండు వాక్యాల్లో పేరు పెట్టి రాయండి, ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో కూడా. ఆ పక్కనే ఇంకోటి ఏదైనా ఉంటే రాయండి, లేకపోతే పుస్తకం మూసేయండి. రెండూ ఒకే పేజీలో ఉండొచ్చు, ఒకటి ఇంకోదాన్ని కొట్టేయాల్సిన పని లేదు. మిమ్మల్ని అవమానిస్తున్నవాళ్ల గురించి, చేయి చేసుకుంటున్నవాళ్ల గురించి "వాళ్ల వల్ల నేను గట్టిపడ్డాను" అని రాయించే సలహాలు ఎక్కడ కనిపించినా పక్కన పడేయండి. ఆ పరిస్థితిలో కావలసింది రక్షణ, తోడు. కృతజ్ఞత పాఠం కాదు.

డైరీలో రాసినవాటిలో వారానికి ఒకటి ఆ మనిషికి చేరవేయండి. జనం దీనికి వెనకాడేది ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో చూపించింది సరిగ్గా దీన్నే: రాసేవాళ్లు, అందుకునేవాళ్లకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఎక్కువగానూ, ఎంత సంతోషమవుతుందో తక్కువగానూ ఊహించుకున్నారు. మాట కూర్పు గురించి సారా ఆల్గో బృందం 2016లో పనికొచ్చే విషయం ఒకటి తేల్చింది: నాకెంత లాభం కలిగిందో చెప్పడం కన్నా ఎదుటివాళ్లు చేసినదాన్ని మెచ్చుకోవడం వాళ్లను ఎక్కువగా తాకుతుంది. "మీ వల్ల నా పని అయిపోయింది" అనేదానికి ముందు "మీకూ గడువు దగ్గర పడుతున్నా నా కాగితాలు పేజీ పేజీ చూశారు" అన్నది రావాలి. నాలుగు వాక్యాల మెసేజ్ చాలు. అందులోనే ఇంకో సాయం అడగకండి, పొగడ్తను జరిగినదానికన్నా పెంచకండి, జవాబు రాలేదని కొలవకండి. పెద్ద సాయానికైతే ఒక పేజీ ఉత్తరం రాసి స్వయంగా ఇచ్చి రావచ్చు. సెలిగ్‌మన్ బృందం 2005 ప్రయోగంలో వెంటనే ఎక్కువ ఫలితం చూపింది అదే, అయితే ఆ ఊపు నెల దాకా ఉండి, మూడు నెలలకల్లా పోయింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసే పనిగా దాన్ని ఉంచుకోండి.

ఒక హెచ్చరిక. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం మనసు కుంగి ఉన్నా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయినా, నిద్ర, ఆకలి దెబ్బతిన్నా డాక్టర్‌ను కలవండి. "ఏమీ అనిపించడం లేదు" అన్నది కుంగుబాటు లక్షణం కూడా కావచ్చు, అప్పుడు డైరీని ఎంత సరిదిద్దినా అది మారదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు, ఈరోజే ఎవరికైనా చెప్పి సాయం తీసుకోండి.

ఇవేవీ లేవనుకుంటే మొదటి వారం డైరీ పూర్తిగా మూసేసి మూడు మజిలీలు మాత్రమే చేయండి. రెండో వారం ధ్యానంలో ఆ మూడు నిమిషాల దృశ్యం కలపండి. మూడో వారం రాత మొదలుపెట్టండి, వారానికి రెండుసార్లు. ప్రతి రాత్రీ ఆనందానికి మార్కులు వేసుకోవద్దు, అవి వాతావరణంలా పైకీ కిందికీ పోతూ ఉంటాయి. నెల చివర ఒక్కసారి పేజీలు తిరగేసి రెండే చూడండి: ఒక వాక్యం ఇంకోదానిలా ఉందా, మజిలీ పెట్టుకోని చోట కూడా ఏమైనా కంటపడి రాసుకున్నారా. రెండోదానికి ఒక్క ఉదాహరణ దొరికినా సాధన పట్టాలెక్కినట్టే. అప్పటికీ పేజీల్లో అవే మాటలు కనిపిస్తుంటే రాతను వారానికి ఒకసారికి తగ్గించి, ఒక మజిలీ చోటు మార్చండి. మూడు మజిలీలను మాత్రం తగ్గించకండి.